వాటర్‌బెడ్ లైనర్‌లో రోజూ తడి చేరుతోంది: చిల్లు ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి, ప్యాచ్ ఎలా వేస్తే నిలుస్తుంది?

కొత్తలైనర్ (ప్రశ్న)

చెక్క ఫ్రేములో అమరే హార్డ్‌సైడ్ వాటర్‌బెడ్, అంటే నీళ్లు నింపిన వినైల్ పరుపు. పరుపు వెడల్పు 180 సెం.మీ., పొడవు 210 సెం.మీ., నీటి లోతు 22 సెం.మీ. లోపల అలల్ని ఆపే ఫైబర్ పొరలున్నాయి. వినైల్ మందం అర మిల్లీమీటరు, వయసు 8 ఏళ్లు. అడుగున 300 వాట్ల ప్యాడ్ హీటర్ ఉంది, థర్మోస్టాట్ 26 డిగ్రీల దగ్గర పెట్టి ఉంది.

కాళ్ల వైపు ఎడమ మూలలో, పరుపుకీ సేఫ్టీ లైనర్‌కీ (కారిన నీళ్లు బయటికి పోకుండా పరుపు కింద పరిచే షీటు) మధ్య నీళ్లు చేరుతున్నాయి. తుడిచినా మర్నాటికి గ్లాసుడు దాకా మళ్లీ ఉంటున్నాయి. పైభాగంలో ఎడమ అంచుకు దగ్గరగా 2 మి.మీ. చిల్లు ఒకటి పడితే సైకిల్ ట్యూబు ప్యాచ్ వేశాం. రెండు రోజులకే అంచు లేచింది. దాని మీదే ఇంకొకటి వేసి ఉంచాం. కదిలినప్పుడల్లా లోపల గుడగుడ చప్పుడు. వాల్వ్ మూత తీస్తే కుళ్లు వాసన.

మూలలో తడి ఉందంటే ఆ మూల సీమ్ (షీట్ల అతుకు) పోయిందనే అనుకోవాలా? 800 లీటర్ల పైన నీళ్లున్న పరుపును మొత్తం ఖాళీ చేయకుండా బాగుచేసే దారి ఉందా? వాసన పోవడానికి బ్లీచ్ పోయవచ్చా? ప్యాచ్ ఎందుకు నిలవలేదో, ఈసారి ఎలా వేయాలో కూడా చెప్పండి.

తూకంరాయి

ముందు హీటర్ ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ గోడ నుంచి బయటికి రావాలి. హీటర్ ప్యాడ్ లైనర్‌కీ చెక్క పలకకీ మధ్యన ఉంటుంది. లైనర్‌కు కూడా ఎక్కడైనా చిరుగు ఉంటే నీళ్లు నేరుగా ప్యాడ్ మీదికి దిగుతాయి. లైనర్ అంచు ఎత్తి, కింద పలక పొడిగా ఉందో లేదో చేత్తో తడిమి చూడండి. పలక పొడిగా ఉంటే ప్రమాదం ఇంకా అంతదాకా రాలేదని, తీరిగ్గా వెతకడానికి వ్యవధి ఉందని అర్థం.

తడి కనబడిన చోటే చిల్లు ఉండాలని లేదు. వాటర్‌బెడ్ పనిలో ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. చిల్లులోంచి వచ్చిన నీటి చుక్క వినైల్‌ను అంటిపెట్టుకుని పక్కలకు జారుతుంది, లైనర్‌లో పడి, పల్లం ఎటుంటే అటు పోతుంది. గది నేల ఏ కొంచెం వాలుగా ఉన్నా ఎక్కడి చుక్కైనా ఒకే మూలకు చేరుతుంది. మూల తడిసిందని మూల సీమ్‌కు ప్యాచ్ వేస్తే అసలు చిల్లు అలాగే ఉండిపోతుంది.

రెండోది, అది అసలు లీకేనా అన్నది. చల్లటి నీళ్ల చెంబుకు బయట చెమట పట్టినట్టే, చల్లగా ఉన్న పరుపుకూ పడుతుంది. గది 30 డిగ్రీలుండి గాలిలో తేమ 80 శాతం ఉంటే, 26 డిగ్రీల ఉపరితలం మీద ఆ తేమ నీళ్లుగా మారుతుంది. తేమ 70 శాతమే ఉంటే ఆ హద్దు 24 డిగ్రీలకు దిగుతుంది. మీ థర్మోస్టాట్ 26లో ఉంది. పైగా హీటర్‌కు దూరంగా ఉండే మూలలు అంతకంటే ఒకటి రెండు డిగ్రీలు తక్కువే ఉంటాయి. కాబట్టి మీ తడిలో కొంతైనా చెమ్మ అయ్యే అవకాశం గట్టిగానే ఉంది.

చెమ్మనీ లీకునీ కంటితో పోల్చుకోవచ్చు. చెమ్మ సన్నటి పొరలా, చిన్న చిన్న బొట్లుగా పరుపు పక్కల వెంట అంతటా పడుతుంది. లీకు ఒకచోట చేరి మడుగు కడుతుంది, రోజూ దాదాపు ఒకే మోతాదులో వస్తుంది. ఇంకా నమ్మకంగా తేలాలంటే తూచండి. పరుపు అంచులు ఎత్తి చుట్టూ పూర్తిగా తుడవండి. పొడి తువ్వాలు ఒకటి వంటింటి తక్కెడ మీద తూచి, మడిచి, ఆ మూలలో పెట్టండి. 12 గంటలకొకసారి తీసి తూచి, ఆరినదాన్ని మళ్లీ పెట్టండి. ఒక గ్రాము పెరిగితే ఒక మిల్లీలీటరు నీళ్లు. రాత్రి లెక్క, పగటి లెక్క విడివిడిగా రాయండి. ఆ తేడా చాలా చెప్తుంది, కారణం కింద రాస్తాను.

రెండు రోజులు తూచాక, పలక పొడిగానే ఉందని మళ్లీ చూసుకుని, హీటర్ పెట్టి థర్మోస్టాట్‌ను 30కి పెంచండి. ఇంకో రెండు రోజులు తూచండి. తడి ఆగిపోతే అది చెమ్మ. సగం తగ్గితే రెండూ ఉన్నట్టు. ఏమీ మారకపోతే లీకే.

ఇక రాత్రి పగలు సంగతి. అడుగున 22 సెం.మీ. నీటి ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది, పరుపు మీద మనిషి ఉన్నా లేకపోయినా. కాబట్టి అడుగు చిల్లు రాత్రీ పగలూ ఒకేలా కారుతుంది. పై చిల్లు అలా కాదు. మనిషి పడుకుని నీళ్లు పైకి నెట్టినప్పుడే కారుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు దాదాపు ఆగుతుంది. రాత్రి లెక్క ఎక్కువ, పగటి లెక్క నామమాత్రం అని తేలితే చిల్లు పైనో, పై సీమ్ దగ్గరో, వాల్వ్ దగ్గరో ఉంది. పరుపు మొత్తం ఖాళీ చేసే పని తప్పిందన్నమాట.

వాల్వ్‌ను అన్నిటికంటే ముందు చూడండి, ఎందుకంటే అది చిల్లు కాకపోవచ్చు, మూత వదులు మాత్రమే కావచ్చు. మూత కింద లోపలి బిరడా పూర్తిగా దిగి ఉండాలి. దాని చుట్టూ వెంట్రుకో ఫైబర్ పోగో ఇరుక్కున్నా నీళ్లు వస్తాయి. వాల్వ్ మెడ తుడిచి, టిష్యూ కాగితం చుట్టి, పరుపును పక్కనుంచి రెండు చేతులతో పది పన్నెండు సార్లు గట్టిగా అదమండి. కాగితం తడిస్తే దొంగ దొరికినట్టే.

అక్కడ పొడిగా ఉంటే, టిష్యూను నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలుగా చింపి, పరుపుకీ ఫ్రేముకీ మధ్య చుట్టూ అడుగుకొకటి చొప్పున వేలాడదీయండి. పై కొస పరుపు అంచు మీద, కింది కొస లైనర్‌లో ఉండాలి. పరుపు మీద మామూలుగా పడుకుని, గంట తర్వాత చూడండి. ఏ పట్టీ పై కొస నుంచి తడిసిందో ఆ పక్కన ఎగువన చిల్లు ఉంది. కింది కొస మాత్రమే తడిసిందంటే అది మడుగులోంచి పీల్చుకున్న నీరు, లెక్కలోకి తీసుకోకండి.

వినైల్‌పని

ప్యాచ్ సంగతి చెప్తాను. సైకిల్ ప్యాచ్ వాటర్‌బెడ్‌కు పట్టదు, రెండు కాదు పది వేసినా పట్టదు. ఆ సొల్యూషన్ రబ్బరును రబ్బరుకు పట్టించడానికి చేసింది. పరుపు రబ్బరు కాదు, పీవీసీ వినైల్. వినైల్ మెత్తగా ఉండడానికి అందులో కలిపిన ప్లాస్టిసైజర్ నూనెలా నెమ్మదిగా పైకి ఊరుతూ ఉంటుంది. ఆ ఊటే రబ్బరు సొల్యూషన్‌ను కింద నుంచి లేపేస్తుంది. సూపర్ గ్లూ ఇంకో రకంగా మోసం చేస్తుంది. ఎండితే గాజులా గట్టిపడుతుంది. పరుపు వంగిన ప్రతిసారీ పగులుతుంది, ఒక్కోసారి దాని అంచే వినైల్‌ను కోస్తుంది. వెడల్పు టేపు తాత్కాలికంగా ఒక రాత్రి గడవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

కావాల్సింది వినైల్ సిమెంట్, వినైల్ ముక్క. వాటర్‌బెడ్ రిపేర్ కిట్ అని రెండూ కలిపి దొరుకుతాయి. గాలి ఊదే ఈత కొలనులకు వాడే వినైల్ కిట్ కూడా అదే జాతి. ఈ సిమెంట్‌లో ఉన్న ద్రావకం రెండు వైపులా వినైల్ పైపొరను కొద్దిగా కరిగిస్తుంది. కరిగినవి ఒకదాంట్లో ఒకటి కలిసి, ద్రావకం ఆవిరైపోయాక ఒకే షీటులా గట్టిపడతాయి. అంటించడం కంటే అతకడం అనాలి దాన్ని. అందుకే ఉపరితలం మీద తడి, నూనె, పాత జిగురు ఏ కాస్త ఉన్నా పని చెడుతుంది.

మీది పైభాగంలో 2 మి.మీ. చిల్లు కాబట్టి ఇలా చేయండి.

హీటర్ ప్లగ్ తీసి పరుపు మట్టం 3 సెం.మీ. దించండి. మీ కొలతలకు ఒక సెంటీమీటరు అంటే దాదాపు 38 లీటర్లు, మూడుకు 113 లీటర్ల చిల్లర. సన్నటి గొట్టంతో సైఫన్ పెడితే సరిపోతుంది. గొట్టం రెండో కొస పరుపు అడుగుకంటే కింద ఉండాలి. ఇప్పుడు వినైల్ వదులవుతుంది. వాల్వ్ తెరిచి, చిల్లు ఉన్న చోట వినైల్‌ను పైకి పట్టుకుని గుడారంలా లేపితే వాల్వ్‌లోంచి గాలి లోపలికి పోయి ఆ గుడారం కింద చేరుతుంది. చిల్లుకూ నీళ్లకూ మధ్య గాలి బుడగ నిలవడమే మనకు కావలసింది. అది కదలకుండా చుట్టూ నాలుగు తువ్వాళ్లు తాడులా చుట్టి బరువుగా పెట్టండి.

పాత ప్యాచ్‌ను పైకి పీకకండి, చిల్లు పెద్దదవుతుంది. ఒక మూల లేపి, వినైల్ మీద పడుకోబెట్టినట్టు వెనక్కి మడుస్తూ నెమ్మదిగా లాగండి. మిగిలిన రబ్బరు జిగురును బొటనవేలితో ఉండలుగా రాల్చేయండి. గీకడానికి బ్లేడు వద్దు, అర మిల్లీమీటరు మందంలో బ్లేడు ఎంత దిగిందో తెలియదు. తర్వాత గోరువెచ్చటి సబ్బు నీళ్లతో తుడిచి, మంచినీళ్లతో తుడిచి, ఆరనిచ్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన తెల్లగుడ్డతో ఒకసారి తుడవండి. గుడ్డకు పసుపు జిడ్డు అంటితే ఇంకో శుభ్రమైన గుడ్డతో మళ్లీ. పది నిమిషాలు ఆరనివ్వండి. ఆ పదినిమిషాల్లో చిల్లు దగ్గర మళ్లీ చుక్క మెరిసిందా, బుడగ జారిపోయిందన్నమాట. బుడగను సరిచేసి మళ్లీ ఆరబెట్టండి, తొందరపడకండి.

ప్యాచ్‌ను గుండ్రంగా 6 సెం.మీ. కత్తిరించండి. చిల్లు అంచు నుంచి అన్ని వైపులా కనీసం 2.5 సెం.మీ. ఉండాలి. చదరంగా కత్తిరిస్తే మూలలు ముందుగా లేస్తాయి. ప్యాచ్‌ను చిల్లు మీద పెట్టి చుట్టూ పెన్సిల్ గీత గీసుకోండి. గీత లోపల వినైల్ మీద ఒక పలుచటి పూత, ప్యాచ్ వెనక ఒక పలుచటి పూత. ఎక్కువ పూస్తే గట్టిగా పడుతుందని అనిపిస్తుంది కానీ జరిగేది దానికి విరుద్ధం: ద్రావకం ఎక్కువై వినైల్ ముడతలు పడి, పలచబడి, ఆ చోటే కొత్త బలహీనత అవుతుంది. ట్యూబు మీద చెప్పినంతసేపు ఆగి ప్యాచ్ పెట్టండి. మధ్యలోంచి అంచులకు చెంచా వీపుతో రుద్దుతూ లోపలి గాలిని తోసేయండి. దాని మీద ప్లాస్టిక్ కాగితం, దాని మీద చదునైన పుస్తకం, దాని మీద రెండు కిలోల బరువు. 24 గంటలు కదపకండి. కిటికీలు తెరిచి పెట్టండి, దగ్గర్లో దీపం, పొయ్యి ఏదీ వెలగకూడదు. ఆ ఆవిరి మండుతుంది, తలనొప్పీ తెస్తుంది.

ముందు గరుకు కాగితంతో రుద్దాలని కొందరు చెప్తారు. మందపాటి షీట్లకు అది మంచిదే. వాటర్‌బెడ్‌కు అనవసరం, ద్రావకమే ఆ పని చేస్తుంది.

సీమ్ మీద చిల్లయితే మాత్రం ఇంత ధైర్యంగా చెప్పలేను. సీమ్ అంటే రెండు షీట్లు వేడితో అతికిన చోటు, అక్కడ గట్టు ఉంటుంది. గట్టు మీద ప్యాచ్ చదునుగా కూర్చోదు, పక్కన సన్నటి సొరంగం మిగులుతుంది. చిన్నదైతే రెండు సార్లు ప్రయత్నించవచ్చు. 2 సెం.మీ. దాటి సీమ్ విచ్చుకుంటే పరుపు మార్చడమే మేలు. ఒకచోట విచ్చుకున్న సీమ్ పక్కన కూడా పాతబడే ఉంటుంది.

నీలినీడ

వాసన, చప్పుడు రెండూ చాలావరకు ఒకే కథ. నీళ్లలో బ్యాక్టీరియా పెరిగినప్పుడు గ్యాసు పుడుతుంది, ఫైబర్ మీద జిగట పేరుకుంటుంది. గ్యాసు పైకి చేరి బుడగలై గుడగుడ అంటుంది.

బ్లీచ్ పోయకండి. క్లోరిన్ కొన్నాళ్లకే ఖర్చయిపోతుంది, జిగట కింద దాక్కున్న బ్యాక్టీరియా మళ్లీ మొదలుపెడుతుంది. వాసన చంపేంత మోతాదు పోస్తే వినైల్ పెళుసెక్కుతుంది, ఫైబర్ పాడవుతుంది. ఇప్పటికే కండిషనర్ ఉన్న నీళ్లలో అయితే అసలే వద్దు, రసాయనాలు ఒకదానితో ఒకటి కలిసి హానికరమైన ఆవిర్లు రావచ్చు.

వాటర్‌బెడ్ కండిషనర్ అని విడిగా ఉంటుంది. బ్యాక్టీరియాను ఆపే మందు అది. కొన్నిట్లో వినైల్ మెత్తదనం కాపాడే పదార్థం కూడా కలుస్తుంది. మామూలుగా ఒక పరుపుకు ఒక సీసా, 6 నుంచి 12 నెలలకొకసారి. మోతాదు సీసా మీద రాసి ఉంటుంది, దానికి మించి పోయడం వల్ల లాభం లేదు. వాసన ఇప్పటికే వస్తోంది కాబట్టి మీకు మామూలు సీసా చాలదు. చెడిన నీళ్లకని గాఢత ఎక్కువగా చేసిన రకం ఒకసారి పోయాలి. పోశాక పది నిమిషాలు పరుపును నాలుగు వైపుల నుంచీ నెమ్మదిగా అదమండి. ఫైబర్ ఉన్న పరుపులో నీళ్లు తమంతట తాము కలవవు, వాల్వ్ దగ్గరే మందు నిలిచిపోతుంది. వారం ఆగి మూత తీసి వాసన చూడండి.

అప్పటికీ పోకపోతే నీళ్లు మొత్తం మార్చాలి.

గాలి తీయడం ప్యాచ్ ఆరి, నీళ్లు మళ్లీ నింపాకే. పొడుగాటి చీపురు కర్రకు తువ్వాలు చుట్టండి. తలవైపు నుంచి, కాళ్ల వైపు నుంచి, పరుపు మీద అడ్డంగా పెట్టి వాల్వ్ వైపు నెమ్మదిగా దొర్లించండి. బుడగలన్నీ వాల్వ్ కింద చేరతాయి. వాల్వ్ మెడను వేళ్లతో పైకి ఎత్తి పట్టుకోండి, అదే పరుపులో అన్నిటికంటే ఎత్తైన చోటు కావాలి. మూత, బిరడా తీసి, వాల్వ్‌కు రెండు వైపులా అరచేతులతో నొక్కండి. బుస్సుమని గాలి పోయి, నీళ్లు అంచుకు రాగానే నొక్కడం ఆపకుండా బిరడా పెట్టేయండి. ముందు చేతులు తీస్తే పోయిన గాలంతా తిరిగి లోపలికి వస్తుంది. చేతికింద ఒక తువ్వాలు ఉంచుకోండి, ఒక కప్పు నీళ్లు పొంగుతాయి.

కొత్తగా నీళ్లు పోసిన పరుపుకు ఇది ఒక్కసారితో అయిపోదు. చల్లటి నీళ్లలో కరిగి ఉన్న గాలి, నీళ్లు వెచ్చబడే కొద్దీ బయటికొస్తుంది. మూడో రోజు ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి తీయాలి.

కొత్తలైనర్

తూచిన లెక్కలు ఇవి. 26 డిగ్రీల దగ్గర రాత్రి 12 గంటలకు 210 గ్రాములు, పగలు 12 గంటలకు 60. రెండో రోజూ ఇంచుమించు అంతే. 30కి పెంచాక రాత్రి 160, పగలు 10. పక్కల మీది సన్నటి బొట్లు పోయాయి. వాల్వ్ దగ్గర కాగితం పొడిగా ఉంది. పట్టీల్లో పై కొస నుంచి తడిసింది ఒక్కటే: ఎడమ పక్క, కాళ్ల వైపు నుంచి 60 సెం.మీ. దూరాన. పాత ప్యాచ్ సరిగ్గా దాని ఎగువనే ఉంది.

మూల సీమ్ దగ్గరి పట్టీ కింది కొస మాత్రమే తడిసింది. పలక పొడిగానే ఉంది.

తూకంరాయి

లెక్క స్పష్టంగా ఉంది. వేడి పెంచాక రాత్రీ పగలూ చెరి 50 తగ్గింది, అది చెమ్మ వాటా. మిగిలిన 160 లీకు, అదీ మనిషి పడుకున్నప్పుడే. అడుగు చిల్లయితే పగలు కూడా అంతే రావాలి. మీ మూల సీమ్ బాగానే ఉంది. పాత ప్యాచ్ కిందినుంచి కారి, పక్క వెంట జారి, మూలలో చేరుతోంది. వినైల్‌పని గారు చెప్పినట్టు ఆ ఒక్కటీ సరిగ్గా వేస్తే చాలు, ఖాళీ చేయక్కర్లేదు.

థర్మోస్టాట్‌ను ఇక 29, 30 మధ్యే ఉంచండి. కరెంటు కలిసొస్తుందని తగ్గిస్తే చెమ్మ లైనర్‌లో చేరి బూజు పడుతుంది.

వినైల్‌పని

ప్యాచ్ ఆరాక తీసిన 113 లీటర్లు తిరిగి పోసేటప్పుడు మట్టం సరిచూసుకోండి. వంకర లేని కర్రను ఫ్రేము ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డంగా పెట్టండి. పరుపు పైభాగం ఆ కర్రను తాకీ తాకనట్టు ఉండాలి. కర్రను పైకి నెట్టేలా నింపితే పరుపు బోర్లించిన గిన్నెలా ఉబ్బి, నిద్రలో పక్కలకు జారుస్తుంది. దానికంటే ముఖ్యం, మనిషి బరువు పడ్డ ప్రతిసారీ సీమ్‌ల మీద, కొత్త ప్యాచ్ మీద లాగుడు పెరుగుతుంది. తక్కువైతే నడుము కింద పలక తగులుతుంది. మార్పు ఎప్పుడు చేసినా ఒక బకెట్టు, అంటే 15, 20 లీటర్లు మాత్రమే. చేసి రెండు రాత్రులు చూసి మళ్లీ నిర్ణయించుకోండి.

8 ఏళ్ల వినైల్ కాబట్టి ఇంకో పరీక్ష కూడా చేయండి. పై షీటును రెండు వేళ్లతో చిటికెడు పట్టి మడవండి. వదిలితే మడత వెంటనే పోతే మంచిదే. మడత దగ్గర తెల్లగీత పడినా, గట్టిగా కాగితంలా అనిపించినా ప్లాస్టిసైజర్ పోతోంది, ఇంకో చిల్లు దూరంలో లేదు. ఒంటి జిడ్డు, చెమట వినైల్‌లోంచి ప్లాస్టిసైజర్‌ను లాగేస్తాయి. అందుకే తలా భుజాలూ ఆనే చోటు ముందు గట్టిపడుతుంది. పరుపు మీద మందపాటి గుడ్డ ప్యాడ్ వేసి, మూడు నెలలకొకసారి పై షీటును వినైల్ క్లీనర్‌తో తుడవండి. క్లీనర్ లేకపోతే గాఢత లేని సబ్బు నీళ్లు చాలు. ఆల్కహాల్ ప్యాచ్‌కు ముందు ఒక్కసారికే, తరచూ వాడితే అదే వినైల్‌ను ఎండబెడుతుంది. నూనె ఉన్న పాలిష్‌లు ఏవీ వద్దు.

పాతవైరు

అడుగు చిల్లున్న వాళ్లు ఈ చర్చ చదివితే పనికొస్తుందని ఖాళీ చేసే పద్ధతీ, హీటర్ సంగతీ రాస్తున్నాను.

ప్లగ్ తీశాకే నీళ్లు తీయడం మొదలు. నీళ్లు లేని పరుపు కింద హీటర్ వెలిగితే వేడి పోయే దారి ఉండదు, వినైల్ కరిగి ప్యాడ్‌కు అంటుకుపోతుంది. 830 లీటర్లకు సైఫన్ చాలా నెమ్మది. నిమిషానికి 20 లీటర్లు తోడే చిన్న పంపైతే 40 నిమిషాల చిల్లరలో పని అవుతుంది. సైఫన్‌తో ఇంకో ఇబ్బంది, చివరి కొన్ని సెంటీమీటర్లు రావు, వినైల్ గొట్టం మూతికి అంటుకుపోతుంది. పంపుతో అన్ని నీళ్లూ తోడాక కూడా ఇంకాసేపు నడపండి. లోపలి గాలి పోయి పై షీటు, ఫైబర్, అడుగు షీటు ఒకదానికొకటి బిగుసుకుంటాయి. అప్పుడు వాల్వ్ మూసేయండి. అలా బిగుసుకున్న స్థితిలోనే, వాల్వ్‌కు దూరంగా ఉన్న కొస నుంచి చాపలా చుట్టండి. ఫైబర్ పరుపును మడవకూడదు, నీళ్లుండగా ఒక మూల పట్టి ఎత్తకూడదు. తడిసిన ఫైబర్ బరువుకు లోపలి కట్లు తెగి, పొరలన్నీ ఒక మూలకు పోగవుతాయి. అది బయటినుంచి సరిచేయలేనిది.

అడుగు చిల్లు కనిపించకపోతే పరుపులోకి చల్లటి గాలి ఊది, మెత్తటి దిండంత ఉబ్బగానే ఆపండి. సీమ్‌లు గాలి ఒత్తిడికి చేసినవి కావు, బిగువుగా ఊదితే లేని చిల్లు పడుతుంది. సబ్బు నీళ్లు స్పాంజితో పూస్తూ పోతే చిల్లు దగ్గర బుడగలు లేస్తాయి. పెన్నుతో చుట్టూ గీత గీసుకోండి, సబ్బు తుడిచాక చోటు మర్చిపోతారు. ప్యాచ్ పద్ధతి అదే, ఇక్కడ ఇంకా తేలిక, ఎందుకంటే నీళ్లతో పోరాటం లేదు.

పరుపు తీసిన ఆ కాసేపు మళ్లీ రాదు, అప్పుడే పలక మీద, ఫ్రేము లోపలి అంచుల మీద అరచేత్తో తడమండి. పైకి వచ్చిన మేకు, చెక్క పేడు, పాత ఇసుక రేణువు, ఏదో ఒకటి చిల్లుకు కారణమై ఉంటుంది. దాన్ని వదిలేసి ప్యాచ్ వేస్తే అదే చోట మళ్లీ పడుతుంది. లైనర్‌ను వెలుతురుకు ఎత్తి చూడండి. చిరుగుంటే దానికీ అదే సిమెంట్, అదే వినైల్. లైనర్ అంచులు చుట్టూ ఫ్రేము పైదాకా లేవాలి. జారిపోయి కిందికి మడత పడితే లైనర్ ఉన్నా లేనట్టే.

హీటర్ ప్యాడ్ చదునుగా పరుచుకోవాలి. మడత, ముడత, కింద చెత్త ఏదీ ఉండకూడదు. దాని మీద లైనర్ కూడా ముడత పడకూడదు, పరుపు సీమ్ రాకూడదు. ముడత ఉన్నచోట వేడి నీళ్లలోకి పోలేక ఒకేచోట పేరుకుంటుంది. ప్యాడ్ మీద గోధుమ రంగు మచ్చ గానీ, ఉబ్బు గానీ, వైరు మొదట్లో పగులు గానీ కనిపిస్తే అతకకండి, మార్చేయండి. మల్టీమీటరు ఉంటే ప్లగ్ పిన్నుల మధ్య కాకుండా, థర్మోస్టాట్ తప్పించి నేరుగా ప్యాడ్ వైర్ల మధ్య కొలవండి. 230 వోల్టుల 300 వాట్ల ప్యాడ్‌కు 176 ఓములు రావాలి. కొద్దిగా అటూ ఇటూ పర్వాలేదు. అనంతం చూపిస్తే లోపల తీగ తెగింది. విడివిడి వైర్లు బయటికి రాని మోడల్ అయితే విప్పకండి.

థర్మోస్టాట్ సెన్సర్ ప్యాడ్‌కు దూరంగా, కనీసం ఒక అడుగు అవతల, లైనర్ కింద పరుపు బరువు ఆనేలా ఉండాలి. ప్యాడ్‌కు తగిలితే నీళ్లు వేడెక్కక ముందే ఆపేస్తుంది. పరుపు కిందినుంచి జారి గాలిలో వేలాడితే ఎప్పటికీ ఆపదు, ఇది ఎక్కువ ప్రమాదం. హీటర్ లైను మీద లీకేజీని పసిగట్టి కరెంటు కట్ చేసే ఆర్‌సీడీ తప్పనిసరిగా ఉండాలి.

తిరిగి నింపాక వెంటనే పడుకునేంత వెచ్చగా అవుతుందని ఆశించకండి. 830 లీటర్లను ఒక డిగ్రీ పెంచడానికి దాదాపు ఒక యూనిట్ కరెంటు కావాలి. 300 వాట్ల ప్యాడ్‌కు అది మూడు గంటల పైన పని. 20 డిగ్రీల నీళ్లు 30కి రావడానికి 32 గంటలు, గదిలోకి పోయే వేడి కలుపుకుంటే రెండు రోజులు. నీళ్లు పూర్తి మట్టానికి వచ్చాకే ప్లగ్ పెట్టండి. ఆ రెండు రోజులూ పైన దుప్పటి కప్పి ఉంచితే వేడి తొందరగా నిలుస్తుంది.

కొత్తలైనర్

ప్యాచ్ వేసి 24 గంటలు ఆగి నీళ్లు నింపాం. కర్రతో చూస్తే మట్టం సరిగ్గా ఉంది. 30 డిగ్రీల దగ్గర మూడు రాత్రుల లెక్క: 8 గ్రాములు, 3 గ్రాములు, సున్నా. గాఢ కండిషనర్ నిన్న పోశాం. గాలి తీయడం ఇంకోసారి ఉంది.

నీలినీడ

మొదటి రెండు రాత్రుల గ్రాములు మడతల్లో మిగిలిన పాత తడే అయ్యుంటుంది. అయినా ఇంకో వారం తువ్వాలు అక్కడే ఉంచి రోజు విడిచి రోజు తూచండి. కండిషనర్ పోసిన ఏడో రోజు గాలి తీసేటప్పుడు మూత దగ్గర వాసన చూడండి. అప్పటికీ కుళ్లు వాసనే ఉంటే పాతవైరు గారు చెప్పిన పద్ధతిలో ఖాళీ చేసి, కొత్త నీళ్లతో పాటే కండిషనర్ పోయండి, నింపాక కాదు, సగం నీళ్లు ఉన్నప్పుడే. మిగతా సగం పడుతూనే మందును ఫైబర్ పొరల్లోకి కలిపేస్తుంది.